ఊటదుర్గంలో నీళ్లు పడిన రోజు

మా ఊరికి తాగే నీళ్లకంటే ముందు ఇంటర్నెట్ వచ్చిన రోజులవి. కుళాయిలో రెండు రోజులకోసారి దారంలాంటి ధార వస్తే అదే గొప్ప. ఫోన్లో మాత్రం రోజుకింత అని డేటా పొంగిపొర్లేది. వాడుకోకపోతే ఆ రోజుది ఆ రోజే ఆవిరైపోతుందని మా వీధిలో ముసలీ ముతకా కూడా అరుగుల మీద కూర్చుని పట్టుదలగా వీడియోలు చూసేవాళ్లు. (నీళ్ల దగ్గర చేసిన పొదుపంతా అక్కడ తీర్చుకున్నాం.) అలాంటి రోజుల్లో, ఇరవై రెండేళ్ల వయసులో, కర్నూలులో సివిల్ ఇంజనీరింగ్ చదివి, చేతిలో ఉద్యోగం లేక, గండికోటకు ఇవతల ఉన్న మా ఊళ్లో మేడగదిలో కూర్చుని నేనొక రాజ్యాన్ని ఏలేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం ఆ రాజ్యభారమంతా నా నెత్తి మీదే ఉన్నట్టు మొహం పెట్టుకుని తిరిగాను. అన్నం తింటూ తింటూ ఆగిపోయి గోడకేసి చూస్తుంటే మా అమ్మ దిష్టి తీయించింది కూడా.

ఆ రాజ్యం పేరు ఊటదుర్గం. అదొక వెబ్‌కామిక్. ప్రతి ఆదివారం పదో పన్నెండో బొమ్మలు గీసి, మాటలు రాసి, నెట్‌లో పెట్టేదాన్ని. ఊటదుర్గంలో మబ్బులు పశువులు. పొద్దున్నే తోలుకెళ్లి కొండల మీద మేపాలి, సాయంత్రం తోలుకొచ్చి కట్టెయ్యాలి, పాలు పిండినట్టు వాన పిండుకోవాలి. మబ్బులు మేపే ఒక పిల్ల, ఆ పిల్ల మాట వినని ఒక మొండి మబ్బు, పిండిన వాన మీద పన్ను వేసే ఒక రాజు, ఎవరికీ జాడ తెలియని ఒక రహస్య ఊట. కథ అంతే. కానీ ఇలాంటి కథలకు ముందు లోకాన్ని గట్టిగా కట్టుకోవాలని ఎక్కడో చదివాను. ఇంక ఆగుతానా! ఊటదుర్గంలో పెళ్లికి ఏం వండుతారు, మబ్బు తప్పిపోతే ఎవరికి చెప్పుకోవాలి, పక్కవాళ్ల మబ్బు మన చేలో కురిస్తే తప్పెవరిది, ఇలా రాసుకుంటూ పోయాను. మూడు లావుపాటి నోటుబుక్కులు నిండాక వెనక్కి తిరిగి చూస్తే, మా కథానాయిక ఇంకా ఇంటి గడప దాటలేదు.

నాకు పాఠకులు రెండువందల పైచిలుకు. అందులో ‘ఎండుమిరప’ అనే పేరుతో ఒకాయనో ఒకామో ప్రతి భాగం కింద ఏదో ఒక చిక్కుప్రశ్న వేసేవాళ్లు. ఒకసారి, “మబ్బులు పశువులైతే పేడ ఎవరు ఎత్తుతారు?” అని అడిగారు. బుద్ధున్నవాళ్లెవరైనా నవ్వి ఊరుకుంటారు. నేను పది రోజులు తిండీ నిద్రా సరిగా లేకుండా ఆలోచించి, మబ్బుల పేడనే వడగళ్లంటారనీ, దాన్ని ఎత్తించడానికి రాజుగారికి ప్రత్యేకంగా ఒక మంత్రి ఉన్నాడనీ, ఆ మంత్రికి ఏడాది పొడుగునా జలుబేననీ తేల్చాను. బ్యాంకు పరీక్షల పుస్తకంలో ఇంకా మొదటి పాఠం దగ్గరే ఉన్నాను.

అవును, బ్యాంకు పరీక్షలు. ఇంట్లో అందరి లెక్కలో నేను మేడగదిలో చదువుతున్నది అవే. పాత సామాన్లవాళ్ల దగ్గర కొన్న, కంప్యూటరుకు తగిలించి బొమ్మలు గీసే పలక చూసి అమ్మకు ఒకసారి అనుమానం వచ్చింది. “ఏమ్మే, బ్యాంకు వాళ్లు బొమ్మలు గూడా గీయమంటాండారా?” అంది. “ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే కదమ్మా, చెయ్యి తిరగాలి” అన్నాను. చెయ్యి తిరగాలన్న మాట అమ్మకు బాగా నచ్చింది. మరునాటినుంచి మధ్యాహ్నం పూట ఒక గ్లాసు మజ్జిగ ఎక్కువ పంపేది. ఆ మజ్జిగ తాగిన పాపం నాకు ఇంకా పోలేదు.

ఇక కింద, నేల మీది సంగతి. మా నాయనకు గుట్ట కింద నాలుగెకరాల చీనీ తోట ఉండేది. (చీనీ అంటే బత్తాయి. మా వైపు బత్తాయి అంటే ఎవరో పట్నం మనిషి వచ్చాడనుకుంటారు.) చీనీ చెట్టు చంటిబిడ్డలాంటిది, ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పితే ఆకు ముడుచుకుని, కొమ్మ ఎండి, ఏడెనిమిదేళ్ల కష్టం కట్టెలైపోతుంది. అప్పటికే నాయన నాలుగు బోర్లు వేయించాడు. మొదటిది రెండేళ్లు పోసింది, రెండోది ఒక ఏడాది, మూడోది ఒక నెల. నాలుగోదాంట్లో దుమ్ము తప్ప చుక్క పడలేదు. ఆ నాలుగింటికీ జాగా చూపించింది ఒకే మనిషి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేలో నడుస్తాడు. కింద నీళ్లున్న చోట టెంకాయ దానంతటదే లేచి నిలబడుతుంది. ఊరంతా ఆయన్ని టెంకాయ సామి అనేవాళ్లు. ఆ ఎండాకాలం నాయన అయిదో బోరుకు సిద్ధమయ్యాడు. “ఇదే కడాకు. పడితే తోట ఉంటాది, పడకుంటే గొడ్డలి ఎత్తుకుంటా” అన్నాడు అన్నం ముందు కూర్చుని. మా జేజి (నాయన వాళ్లమ్మ) ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపేసింది. బోరు లారీకి చెప్పడం కూడా అయిపోయింది. ఎక్కడ వేయాలన్నదొక్కటే మిగిలింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా రాజ్యానికి మ్యాపు లేని లోటు వచ్చిపడింది. మ్యాపు లేని రాజ్యం రాజ్యమే కాదని ఎండుమిరప తేల్చేసింది. గీద్దామని కూర్చుంటే నాకు నదులన్నీ మునక్కాయల్లా, కొండలన్నీ ఇడ్లీల్లా వస్తున్నాయి. చివరికి నాయన ట్రంకు పెట్టెలో మా చేను సర్వే పటం కనబడింది. గట్ల మూలలు, రాళ్ల గుర్తులు, వంకర టింకర గీతలు. అచ్చం ఏదో ప్రాచీన రాజ్యం పటంలా ఉంది. ఎవరూ గుర్తుపట్టకుండా దాన్ని తలకిందులు చేసి, ఆ గీతల మీదే నా రాజ్యం గీసేశాను. గుట్టను నాలుక చాపి నిద్రపోతున్న కొండచిలువ చేశాను. ఎండిపోయిన పాత బావి రాక్షసుడి గొంతుక అయింది. వేపచెట్టు కాపలా బురుజు. అంతా అయ్యాక చూస్తే ఒక మూల బోసిగా ఉంది. ఏదో ఒకటి పెట్టాలి కదా అని అక్కడ నీలం రంగు చుక్క ఒకటి పెట్టి ‘రహస్య ఊట’ అని రాశాను. ఇదీ ఆ ఊట పుట్టిన విధం. అందులో శాస్త్రం లేదు, కల లేదు, దేవుడు లేడు. మూల బోసిగా ఉండడం ఒక్కటే కారణం.

కడపలో ఏదో బ్యాంకు పరీక్ష రాసి (రాయడమంటే హాలులో కూర్చుని రావడం) తిరిగొచ్చేటప్పుడు ఫ్లెక్సీలు కొట్టే షాపులో ఆ మ్యాపును పెద్దదిగా ప్రింటు తీయించాను. షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “కొత్త వెంచరా పాపా? ఈ మూల ప్లాటు గజమెంత చెప్తాండారు?” అని అడిగాడు. అది కొండచిలువ తోక అని చెప్పాను. “ఓహో, హిల్ వ్యూ” అన్నాడు. అంత మర్యాదగల మనిషి దగ్గరనుంచి తప్పించుకుని ఇంటికొచ్చి, మేడగది గోడకు మేకులు కొట్టి మ్యాపు తగిలించాను. కింద మూల మా వెబ్‌సైటు చిరునామా కూడా గర్వంగా అచ్చువేయించాను. ఆ గర్వమే నా కొంప ముంచింది.

రెండో రోజు నాయన నీళ్ల ట్యాంకు చూడ్డానికని మేడెక్కాడు. ఆయన మామూలుగా నా గదిలోకి రాడు. చదువుకునే పిల్లను కదిలించకూడదని ఆయన పట్టింపు. ఆ రోజు తలుపు తీసి ఉంది. గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏంది పాపా ఇది?”

“మ్యాపు నాయనా. పరీక్షకు.”

“బ్యాంకు పరీక్షకు మన చేను పటం ఏమిటికి?”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తలకిందులు చేశాను, గుట్టకు పొలుసులు పెట్టాను, పేర్లన్నీ మార్చాను. అయినా ఆయనకు అగ్గిపుల్ల గీసినంత సేపు పట్టలేదు. మేకులు పీకి, మ్యాపును సరిగ్గా తిప్పి మళ్లీ తగిలించాడు. “తలకిందులుగా పెట్టినావు” అన్నాడు, పిల్లల పలక సరిచేసినట్టు. తర్వాత వేలితో గట్ల వెంబడి నడిచాడు. “ఇది బాయి. ఇది యాపచెట్టు. ఇది మీ జేజినాయన పాతిన రాయి. గుట్టకు నాలిక ఏమిటికి పెట్టినావో నాకు తెలీలే.” వేలు నడిచి నడిచి నీలం చుక్క దగ్గర ఆగింది. “ఈడ ఏముండాది?”

“నీళ్లు” అన్నాను, ఆలోచించకుండా.

“నీళ్లా? ఎవురు చెప్పినారు?”

అప్పుడే నిజం చెప్పి ఉంటే ఈ కథే లేదు. ‘నాయనా, నేను చదవడం లేదు, మబ్బులు మేపుతున్నాను’ అని ఒక్క ముక్క చాలు. కానీ ఆ క్షణం గట్టెక్కడం కోసం నేను పట్టుకున్న అబద్ధం ఏమిటంటే, “జేజినాయన చెప్పినాడు. చిన్నప్పుడు.”

మా జేజినాయన (నాయన వాళ్ల నాయన) మాట మా ఊళ్లో చిన్న మాట కాదు. ఆ పాత బావి ఆయన సొంత చేతులతో తవ్వింది. చుట్టుపక్కల బావులన్నీ ఎండినా అది చాలా ఏళ్లు ఎండలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాయన ఇంకేమీ అడగలేదు. చుక్కను వేలితో ఒకసారి తట్టి, “సరే” అని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. హమ్మయ్య, తప్పించుకున్నాననుకున్నాను. ఎంత తెలివిగలదాన్నో చూడండి.

మూడో రోజు పొద్దున కిటికీలోంచి చూస్తే గుట్ట కింద చేలో నాయన, టెంకాయ సామి కనబడ్డారు. పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి సామి అరచేతిలో టెంకాయతో సరిగ్గా నా బోసి మూల వైపే నడుస్తున్నాడు. అంతకుముందు వారమే ఆయన బావి పక్కన ఇంకొక జాగా చూపించి, రాయి కూడా పెట్టి వెళ్లాడు. ఇప్పుడు, “మా నాయన ఈడ నీళ్లుండాయని అన్యాడంట సామీ” అని మా నాయన చెప్పగానే ఆయన మొహం మారిపోయింది. నాలుగడుగులు వేశాడో లేదో, టెంకాయ అరచేతిలో తటాలున లేచి నిటారుగా నిలబడింది. “పెద్దాయప్ప మాట అబద్ధమైతాదా! సూడప్పా, ఎట్ల నిలబడిందో!” అని సామి అరిచాడు. నాకు మాత్రం ఆ టెంకాయ నా వైపు తిరిగి వెక్కిరిస్తున్నట్టే అనిపించింది. నేను బొమ్మ నిండుగా ఉండాలని పెట్టిన చుక్కకు దైవసాక్ష్యం కూడా దొరికింది! ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, కొంపదీసి అక్కడ నిజంగా నీళ్లున్నాయేమోనని.

ఇంక మిగిలింది జేజి ఒక్కతే. జేజినాయన ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో ఆమెకు తెలియకుండా ఉంటుందా? సాయంత్రం నాయన ఆమెను అడగనే అడిగాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను. జేజి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “అవునప్పా, నాతో గూడా ఒకతూరి అన్యాడు, ఆ మూల తేమ ఉండాదని” అంది. నాయన అటు వెళ్లగానే ఆమె దగ్గర చేరాను.

“జేజీ, నిజంగా అన్నాడా?”

“యాడ అన్యాడు! ఆయప్ప కండ్లద్దాలు నెత్తి మీద పెట్టుకోని ఇల్లంతా ఎతికే మనిషి. నీళ్లు కనిపెడ్తాడా?”

“మరి అట్ల ఎందుకు చెప్పావు?”

జేజి చాలాసేపు చెంగు మడతలు సరిచేసుకుంది. “ఇన్నేండ్లకు ఎవురో ఒకరు ఆయన పేరు ఎత్తినారు గదమ్మే. లేదని నా నోటితో ఎట్ల అందును?” అంది. నాకు ఏడుపొచ్చింది. ఒక అబద్ధాన్ని దాచుకోవడమే కష్టమైతే, ఇప్పుడు ఇంట్లో రెండున్నాయి, వాటికి కాపలాగా ఒక టెంకాయ.

ఆ వారమంతా నాకు నరకం. అన్నం ముందు కూర్చుంటే చీనీ చెట్లు ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. “నాయనా, నాకు సరిగా గుర్తులేదు, చిన్నప్పుడెప్పుడో విన్నాను, బావి పక్కనే వేద్దాం” అని రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ ఆయన “గమ్మునుండు పాపా” అన్నాడు. ఆదివారం కొత్త భాగం పెట్టలేకపోయాను. ‘ఊట ఎప్పుడు బయటపడుతుంది?’ అని ఎండుమిరప అడిగితే జవాబు ఇవ్వకుండా ఫోను బోర్లించేశాను. నా రాజ్యం బాగుండాలని మా ఇంటి తోటను పణంగా పెట్టిన రాణిని నేను. ఆ రాజు కంటే హీనం. ఆయన పన్నే వేశాడు, నేను ఏకంగా నిలువునా ముంచుతున్నాను.

బోరు లారీలు రెండూ పొద్దున్నే వచ్చాయి. వచ్చినవాళ్లు తమిళం తప్ప మాట్లాడరు, టీ తప్ప తాగరు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, నాయన చుక్క ఉన్న చోట పసుపు కుంకుమ చల్లి కర్పూరం వెలిగించాడు. అమ్మ హారతి కళ్లకద్దుకుంటోంది. జేజి వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని, పెళ్లి చూపులకు కూర్చున్నట్టు కూర్చుంది. డ్రైవరు లీవరు మీద చెయ్యి వేశాడు. నావల్ల కాలేదు. పరిగెత్తుకెళ్లి నాయన చెయ్యి పట్టుకుని గట్టు అవతలికి లాక్కుపోయాను.

“ఆపించు నాయనా. జేజినాయన నాకేమీ చెప్పలే. అది కథ. ఆ మూల బొమ్మ బోసిగా ఉందని నేనే పెట్టినా ఆ చుక్క. బ్యాంకు పరీక్ష కూడా చదవడం లేదు నాయనా. నీ కాళ్లు పట్టుకుంటా, బావి పక్కన వేయించు.”

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండు అనుకున్నాను.

“తెలుసు పాపా” అన్నాడు.

“ఏం తెలుసు?”

“మీ జేజినాయన పోయినప్పుడు నీకు ఏడాదిన్నర. నీకు మాటలే సరిగా రాలే. ఆయప్ప నీకు నీళ్ల జాడ చెప్పినాడా?”

(నాలుగేళ్లు ఇంజనీరింగ్ లెక్కలు చేసినదాన్ని. ఈ లెక్క మాత్రం ఎవరూ నేర్పలేదు.)

“మ్యాపు కింద అడ్రసు ఏసినావు గదా” అన్నాడు మళ్లీ. “ఆ పొద్దే ఫోన్లో కొట్టి సూసినా. అంతా సదివినా, పందొమ్మిది భాగాలు. ఆ రాజు నమ్మదగిన మనిషి కాడు. మబ్బుల పేడ కత మాత్రం శానా బాగుండాది.”

అన్నీ తెలిసి, మరి ఈ లారీలేమిటి, ఈ కర్పూరమేమిటి? అదే అడిగాను. ఆయన గుట్ట వైపు చూస్తూ, మామూలుగా, రేపు ఎరువు వేయాలన్నట్టుగా చెప్పాడు. “టెంకాయ మాట ఇని నాలుగు బోర్లు ఏపిచ్చినా. నా బిడ్డ మాట ఇని ఒకటి ఏపిచ్చకూడదా? ఈ చేను మీద నీ మాదిరి ఒక్కో రాయి, ఒక్కో గట్టు పట్టుకోని కూర్చోని సూసినోళ్లు ఎవురుండారు చెప్పు? ఆ సామి ఏమన్నా సూసినాడా? బావి పక్కన ఏసినా ఇంతే, ఈడ ఏసినా ఇంతే. పడితే పడ్తాయి. పా.”

అని వెళ్లి డ్రైవరు వైపు చెయ్యి ఊపాడు. నేను గట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ మోతలో ఎవరికీ వినబడలేదు, అదొక్కటే అదృష్టం.

ఊటదుర్గం కథలోనైతే మూడో బొమ్మకే నీళ్లు ఆకాశానికి ఎగజిమ్మేవి. మా చేలో మాత్రం ఎర్ర దుమ్ము, తర్వాత బూడిద దుమ్ము, తర్వాత తెల్ల దుమ్ము. ఒక గొట్టం దిగగానే ఇంకొక గొట్టం. మధ్యాహ్నానికి ఒకసారి దుమ్ము కాస్త ముద్దగా వచ్చింది. అమ్మ చేతులు జోడించింది, నాయన ఆ బురదను వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. నేను ఊటదుర్గం దేవుళ్లందరికీ మొక్కాను. (మూడో నోటుబుక్కులో పదకొండు మంది ఉన్నారు, అందరూ నేను పుట్టించినవాళ్లే.) ఇంకొక గొట్టం దిగాక మళ్లీ పొడి దుమ్మే. సాయంత్రానికి మిషను ఆపేశారు. ఒక్కసారిగా నిశ్శబ్దం. అందరం నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లగా ఉన్నాం; కనురెప్పలు కూడా తెల్లగానే. జేజి మా మొహాలు చూసి, “ఇంటిల్లిపాదికీ ఒక్కతూరే ముసలితనం వచ్చింది” అంది. మొదట నాయన నవ్వాడు. తర్వాత అమ్మ. ఏడుస్తూ ఏడుస్తూ నేనూ నవ్వాను. తోట పోయిందనుకున్న రోజున మా ఇంటివాళ్లం చేలో నిలబడి అలా నవ్వామంటే ఎవరూ నమ్మరు.

ఇంటికి నడుస్తూ నాయన నా భుజం మీద దుమ్ము దులిపాడు. “ఈడ పడలే. నీ కతలో అన్నా పడనీ పాపా” అన్నాడు.

ఆ ఆదివారం ఊట బయటపడే భాగం పెట్టాను. మబ్బుల కాపరి పిల్ల కొండచిలువ తోక దగ్గర గునపం వేస్తుంది. మొదట దుమ్ము వస్తుంది. అందరి మొహాలూ తెల్లగా అయిపోతాయి, ఒక ముసలామె నవ్వుతుంది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నీళ్లు వస్తాయి. అంత మనసు పెట్టి నేను అంతకుముందూ గీయలేదు, ఆ తర్వాతా గీయలేదు. ఎండుమిరప మొట్టమొదటిసారి ఏ ప్రశ్నా వేయకుండా ఒక దండం పెట్టి వెళ్లిపోయింది. దాని కింద ఇంకొక మాట ఉంది. ఫొటో లేదు, పేరు దగ్గర ‘చీనీ రైతు’ అని మాత్రం ఉంది. “నీళ్లు బాగా పడినాయి. బోరు కూలకుండా కేసింగు పైపు దించేది మర్చిపోవద్దు. రాజును ఊటకాడికి రానీయొద్దు.” కింద పడసాలలోంచి నాయన దగ్గు వినబడింది.

ఆ వేసవిలో నాయన తోట సగం కొట్టేశాడు. మిగతా రెండెకరాలను ట్యాంకర్లతో, బొట్టు బొట్టుగా, ఎలాగో గట్టెక్కించాడు. నేను బుద్ధిగా కూర్చుని చదివి, బ్యాంకు కాదు గానీ, గ్రామ సర్వేయరు ఉద్యోగం తెచ్చుకున్నాను. ఊటదుర్గం ముప్పై రెండో భాగం దగ్గర ఆగిపోయింది. ఆ వెబ్‌సైటు కూడా ఇప్పుడు లేదు. డోన్ దగ్గర పల్లెల్లో పటాలు చేత పట్టుకుని తిరుగుతుంటాను. కొత్త పటం చేతికి రాగానే ఒకసారి తలకిందులు చేసి చూడడం నాకు ఇంకా పోలేదు. రైతులు పాపం, “మేడం, తిరగేసి పట్టుకున్యారు” అని సరిచేస్తుంటారు. ఏదైనా మూల బోసిగా కనిపిస్తే వేళ్లు జిలజిలలాడతాయి. పెన్సిలు జేబులో పెట్టేసుకుంటాను.

మొన్న ఊరికి వెళ్లినప్పుడు చేలోకి నడిచాం. ఆ బోరుగుంతను నాయన ఎప్పుడో నాపబండ వేసి మూసేశాడు, పిల్లలు పడతారని. ఎద్దుల కొమ్ములకు వేసిన రంగు మిగిలితే ఆ బండ మీద చిన్న నీలం చుక్క కూడా పెట్టుకున్నాడు. దాని పక్కన గొంతుక్కూర్చుని, “మన ఊరికి మళ్లీ సర్వే వస్తాందంట గదా. నువ్వు సర్వేయరువే, ఈడ ఊట ఉండాదని పటంలో ఎక్కిచ్చు” అన్నాడు.

“సర్కారు పటం నాయనా. లేనివి ఎక్కించకూడదు” అన్నాను, ఆఫీసు గొంతుతో.

ఆయన చుక్క మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. “లేదని ఎవురన్యారు?”

ఈ సర్వేయరు చెయ్యి జేబులో పెన్సిలును తడుముకుంది. మేడగదిలో కూర్చున్న ఆ పిల్లను అడిగి ఉంటే, మూడు నోటుబుక్కుల జవాబు చెప్పేది.